నీళ్లు సూసినవా?

సిరోంచ బస్టాండు వెనుక మెకానిక్ కిష్టన్న షెడ్డు. 1984, మే నెల. పొద్దున ఎనిమిది దాటింది.

“తాగినవా, లేదా? ఆ ఒక్క మాట చెప్పు రాయమల్లూ. తర్వాతనే పానా వట్టుకుంట.”

“బండి ఎక్కడ కారుతాందో సూడమని గుంజుకచ్చిన కిష్టన్నా. నా నోరు వాసన సూడమని కాదు.”

“రాత్రి మీ అన్న సమ్మన్న నా ఇంటికొచ్చిండు. ‘తమ్ముడు ఇప్పసార తాగి, రేడియేటర్ల నీళ్లు సూడకుంట లారీ తీసిండు. నడి అడివిల ఇంజను కాగి ఆగింది. దవాఖాన చేరక మా బాపు పానం పోయింది’ అన్నడు. నేనేం నమ్మాలె?”

“ముందునాడు మాపటికి తాగిన. అబద్ధమెందుకు? పొద్దుగాల సుక్క ముట్టలే. బాపును జల్ది చాంద పెద్ద దవాఖానకు తీస్కపొమ్మని డాక్టర్ చెప్పినంక ఎట్ల ముడ్త? నేనేమన్న మనిషిని కానా?”

“మరి నీళ్లు?”

“సూసిన. నిండ పోసిన. మెడ దాక.”

“ఎవలన్న సూసిండ్రా నువ్వు పోసుడు?”

“తెల్లారక ముందు ఎవలు సూస్తరు? నేను, బిందె. బిందెను అడుగు.”

“నా మీద ఎగురకు. ఎగిరితే బండి నీదే, ఎండ నీదే, గుంజుకపో.”

“ఎగురుతలేనే. జర నా మాట ఇను. ఇయ్యాల బాపు పదకొండో దినం. పగటాల్లకు ప్రాణహిత ఒడ్డున కులపోళ్లందరు కూడుతరు. అన్న ఏమన్నడో ఎరికేనా? ‘మూడొద్దుల నాడు నువ్వు పెట్టిన బువ్వ పిట్ట ముట్టలే. బాపుకు నీ మీద కోపం పోలే. ఇయ్యాల నువ్వు పిట్టకు పెట్టద్దు. కిష్టన్న బండి సూసి నీ తప్పు లేదంటే పెట్టు, లేకుంటే ఈ గడప తొక్కకు’ అన్నడు.”

“అంటే మీ అన్నదమ్ముల లొల్లి తెచ్చి నా నెత్తిన పెట్టిండ్రన్నట్టు.”

“నువ్వు సచ్చినా అబద్ధం చెప్పవని ఊరందరికి ఎరుకనాయె.”

“మీ అవ్వ ఏమంటది?”

“అవ్వ... ఏమనది. అదే నా పానం తీస్తాంది. పదొద్దులాయె, నా దిక్కు సూడలే. బువ్వ పెడ్తది, మొఖం తిప్పుకుంటది. ‘అవ్వా’ అని పిలుస్తే లేషి కొట్టంలకు పోతది. అన్న తిడ్తే ఓర్సుకుంట కిష్టన్నా. కొట్టినా ఓర్సుకుంట. అవ్వ మాట్లాడకపోవుడు ఓర్సుకుంటలేను.”

“సరె, సరె. ఏడ్వకు. బానెట్ లేపు.”

“ముందుగాల ఈ కింది గొట్టం సూడు. ఉగాదికి నువ్వే మార్చినవ్.”

“అయితే?”

“ఏం లేదు. మార్చింది నువ్వే అంటున్న, అంతే.”

“సూటిగ అను. కిష్టడు పాత గొట్టం తొడిగి పైసలు తిన్నడు, తప్పు రాయమల్లుది కాదు కిష్టనిది. గదే గదా నీ మతలబు?”

“నాది కాకుంటే ఎవలదో కావాలె గద అన్నా!”

“కావాలె. ఎవలదో ఒకలది కావాలె. జరుగు. చెయ్యి పెట్టు. గట్టిగ పిసుకు. ఎట్లుంది?”

“గట్టిగనే ఉంది.”

“కిలిప్పు కదులుతాందా?”

“లేదు.”

“చుట్టుపక్కల తడి ఆరిన మరకుందా?”

“లేదు.”

“అయితే కిష్టనికి దండం పెట్టు. ఇగ నీళ్ల పంపు. కింద ఏలు పెట్టి సూడు. పంపు కారితే ఆడ తుప్పు గీత దిగుతది.”

“పొడిగనే ఉంది.”

“ఇప్పుడు ఆయిల్ పుల్ల గుంజు. కీడెంచి మేలెంచాలంటరు. ఆయిల్ మజ్జిగ తీరు తెల్లగుంటే హెడ్డు పలిగి నీళ్లు లోపలికి దిగినట్టు. ఇంజనుకు బొంద తవ్వుకోవాలె.”

“నల్లగుంది. సూడు, నల్లగనే ఉంది.”

“ఏదీ, ఇటు తే. ఊఁ. మంచిదే. హెడ్డుకు ఏం కాలే. అంటే కాగంగనే బండి ఆపినవ్. తాగినోడైతే అట్లనే తోలి ఇంజను మాడగొడ్తుండె.”

“ఈ మాట కులపోళ్లకు చెప్తవా?”

“ఇది సాలది. కాగంగ ఆపినవ్ సరే, ఎల్లేటప్పుడు నీళ్లు సూసినవా అంటరు. రేడియేటర్ల నీళ్లు పొయ్యి.”

“పోస్తున్న... బిందెన్నర పట్టింది.”

“కింద సుక్కన్న వడ్డదా?”

“లేదు.”

“జర ఆగుదాం.”

“ఎంత సేపు ఆగినా వడది కిష్టన్నా! ఇదే నా పరేషాన్. నిలవెడ్తే సుక్క కారది. తోల్తే నీళ్లు మాయమైతయి. ఇదే అన్నకు చెప్తే, ‘కారకుంట నీళ్లేడికి పోతయిరా, నువ్వు తాగినవా’ అంటడు.”

“కారకుంట ఏడికీ పోవు. నీళ్లకు రెక్కలుండయి. ఆ నాడు ఏమైందో మొదటికెళ్లి చెప్పు. ఒక్కటి ఇడ్వకు.”

“చెప్పిన గద.”

“మీ అన్నకు చెప్పినవ్. నాకు చెప్పలే.”

“తెల్లారంగ ఎల్లినం. నేను, బాపు, ఇద్దరమే. అవ్వ వస్తనంటే బాపే వద్దన్నడు. ‘గొడ్లను ఎవలు సూస్తరు, రెండొద్దులల్ల తిరిగొస్త’ అన్నడు. అన్న వేరే ఊర్ల, ముల్చేరల ఉండె. జిమలగట్ట దాక మంచిగనే పోయినం. అది దాటినంక వేడి సూపే ముల్లు లేషింది. సూసేసరికి బానెట్ సందులకెళ్లి పొగ. ఆపిన. తడిబట్ట ఏసి మూత తీసిన. లోపల నీళ్లు లెవ్వు. ఉత్త ఆవిరి.”

“కింద తడి సూసినవా?”

“సూసిన. రోడ్డు మీద తడి లేదు. ఇంజను మీద ఏదో తుంపర తీరు ఉండె, ఆవిరే అనుకున్న. డబ్బ పట్కొని వాగుల దిగిన. ఈ నెలల వాగుల నీళ్లేడియి? ఇసుకల చెలిమె తోడిన. చెంబెడు తీస్తే చెంబెడు ఊరే దాక కూసోవాలె. డబ్బ నిండేసరికి గంటాయె.”

“మీ బాపు?”

“క్యాబిన్ల పండుకోబెట్టిన. ‘దూపైతాంది కొడుకా’ అన్నడు. మొదటి చెంబు ఆయనకే తాపిన. తర్వాత బండికి పోసి చాలు చేసిన. రెండు మైళ్లు పోలే, మల్ల పొగ.”

“మల్ల?”

“దారి పొంట ఒక గోండుగూడెం కనవడ్డది. జంగుబాయి అని ఒక ముసలామె ఉండె. ఆమె కాళ్ల మీద వడి పసుపు అడిగిన.”

“రేడియేటర్ల పోసుడుకా?”

“డ్రైవర్లందరు చేసేదే గద. సన్న చిల్లి ఉంటే పసుపు పోయి మూస్కుంటది. ఇంట్ల ఉన్నదంత గోకి ఇచ్చింది ఆమె. పావుకిలో ఉండొచ్చు. ఆమె డబ్బ కూడ నింపింది. నాలుగు మైళ్లు ఆగింది అన్నా, నాలుగు మైళ్లు! మొక్కుకుంట తోలిన. తర్వాత మల్ల ముల్లు లేషింది.”

“నీళ్లున్నయా అప్పటికి?”

“డబ్బల సగం. అంతే ఉండె. ‘దూప’ అన్నడు బాపు. ఇటు బండికి పోద్దునా, అటు బాపుకు తాపుదునా? నాకు ఏం సమజ్ కాలే. బండి నడిస్తే దవాఖాన దొరుకుతది గద అని... బండికి పోసిన. మూత బిగించి వచ్చి సూసేసరికి...”

“ఇగ ఆపు.”

“దూపతోని పోయిండు అన్నా మా బాపు. నేను నీళ్లు బండికి పోసిన.”

“ఆపమన్న గద! ఇటు సూడు. ఇటు సూడు రా రాయమల్లూ. పసుపు పోసిన అన్నవు గద? మంచి పని చేసినవ్. పసుపుంటే దొంగ దొరుకుతడు. ఆ సైకిల్ పంపు అందుకో.”

“సైకిల్ పంపు ఎందుకు?”

“బండి తోల్తే లోపల ఒత్తిడి పెరుగుతది, అప్పుడు చిల్లి నోరు తెరుస్తది. ఇంజను చాలు చెయ్యకుంటనే మనం ఒత్తిడి పెడ్దాం. మూత బిగించు. ఈ సన్న గొట్టంలకెళ్లి గాలి కొట్టు. నేను సబ్బు నురుగు పూస్త. మెల్లగ... మెల్లగ అంటే! బస్సు టైరనుకున్నవా? రేడియేటర్ పలుగుతది.”

“కొడ్తున్న, మెల్లగనే కొడ్తున్న.”

“ఆగు. సప్పుడు ఇన్నవా?”

“సుయ్యిమంటాంది.”

“కింద కాదు. ముంగటికెళ్లి. మీదికి, ఎడమ దిక్కు. ఆ ఎండిన నిమ్మకాయల దండను పక్కకు వట్టుకో. ఆఁ, అట్ల. ఇంకో రెండు కొట్టు.”

“అన్నా... నురుగు ఎర్రగైతాంది! నెత్తురు తీరు—”

“నెత్తురు కాదు, పసుపు. పసుపుకు సబ్బు తాకితే ఎర్రగనే అయితది. నువ్వు పోసిన పసుపు ఈ చిల్లిలకెళ్లే బయటికొచ్చింది. ఎనుక దిక్కు సూడు, ఫ్యాను రెక్కల మీద, ఇంజను మీద, అంత పసుపు సుక్కలే. బండి నడిస్తే ఫ్యాను గాలిని లోపటికి గుంజుతది గద? ఆ గాలి ఈ చిల్లిల నీళ్లను కింద వడనియ్యలే. తుంపర చేసి ఎనుకకు గుంజుకున్నది. కాగిన ఇంజను మీద వడ్డది, ఆవిరై పోయింది. అందుకే రోడ్డు మీద తడి లేదు.”

“అంటే... నేను నీళ్లు పోసిన అన్నట్టు.”

“పోసినవ్.”

“నిండ పోసిన!”

“నిండనే పోసినవ్ రా. నీళ్లు లేని రేడియేటర్ జిమలగట్ట దాక పోతదా? సిరోంచ పొలిమేరలనే పొగలు కక్కుతుండె. నీ తప్పు లేదు.”

“మల్ల అను.”

“నీ తప్పు లేదు.”

“ఇంకొక్కసారి అను అన్నా, నీ కాళ్లు మొక్కుత.”

“పిచ్చోడా! నా ముంగటెందుకు ఏడుస్తవ్? పోయి మీ అవ్వ ముంగట ఏడువు. పగటాల్లకు నేనే ఒడ్డు కాడికొస్త. కులపోళ్లందరి ముంగట చెప్త. సమ్మన్న నోరు మూపిస్త. పిట్టకు నువ్వే పెడ్తువు గని.”

“అవ్వ మాట్లాడుతది అన్నా. ఇగ అవ్వ నాతోని మాట్లాడుతది.”

“మాట్లాడక ఏం చేస్తది?”

“గని ఈ చిల్లి ఎట్ల వడ్డది? రాయి తాకిందా?”

“రాయి తాకితే సొట్ట వడ్తది. ఇది కోసినట్టుంది. సూడు, సన్నగ గీత గీసి కోసింది. ఆగాగు... ఇదేంది ఈ తీగ?”

“ఏ తీగ?”

“నిమ్మకాయల దండ తీగ. బంపరుకు కట్టలే. రేడియేటర్ జాలీలకెళ్లి దూర్చి, ఎనుకకెళ్లి తిప్పి మెలేసిండ్రు. దండ కొసకు ఇంత గుర్రపు నాడ! అద్దసేరు బరువుంటది. గుంతల రోడ్డుకు ఈ నాడ ఊగుకుంట పోయింది, తీగ రంపం తీరు కోసుకుంట పోయింది. ఇత్తడి పైపు ఎంత మందముంటది? కాయితమంత. ఏ తెలివిలేనోడు కట్టిండ్రా దీన్ని?”

“దాని సంగతి ఇడ్సిపెట్టు అన్నా.”

“డ్రైవరు పని చేస్తవ్, ఆ మాత్రం తెల్వదా? సమ్మన్న కట్టిండా?”

“కాదు.”

“మరి నువ్వా?”

“ఆ తీగ కోసెయ్ కిష్టన్నా.”

“కోస్త గని ఇప్పుడు కాదు. ఇట్లనే కులపోళ్లకు సూపెట్టాలె. నీ సాక్ష్యం ఇదే.”

“కోసెయ్ అంటున్న గదా!”

“అరవకు. చెయ్యి ఇడువు. నా చెయ్యి ఇడువు ముందు. రాయమల్లూ... ఎవలు కట్టిండ్రు?”

“అవ్వ.”

“ఎవలు?”

“మా అవ్వ. నేను బాపును క్యాబిన్ల సదురుతున్న. ముంగట నిలవడి ఏమో కడ్తాంది. నూలుతాడు తెగుతదని బట్టలారేసే దండెం తీగ తెంపుకచ్చింది. నాడ కూడ ఆమెనే ఏడికెళ్లో దేవులాడి తెచ్చింది. ‘దిష్టి తాకద్దు, మీ బాపు నడుచుకుంట ఇల్లు చేరాలె’ అనుకుంట కట్టింది. నేను సూసిన అన్నా. నిమ్మకాయలే గద అనుకున్న.”

“తెల్వక చేసింది. ముసలామె. ఎవలేమంటరు?”

“ఎవలేమనరు. ఆమెకామె అనుకుంటది. నలభై ఐదేండ్లు కాపురం చేసిన మనిషి. నా చేతులతోనే సంపుకున్న అనుకుంటది. ఇంకెన్ని దినాలు బతుకుతది? ఒక బుక్క మింగుతదా?”

“మరి నీ సంగతి?”

“నా సంగతేముంది.”

“ఏముందా? పిట్టకు పెట్టనియ్యరు. గడప తొక్కనియ్యరు. సచ్చే దాక నిన్ను తండ్రిని సంపినోడంటరు.”

“అంటరు. అననియ్యి.”

“గిప్పుడే గద ఎగిరి గంతేసినవ్! అవ్వ మాట్లాడుతదంటివి!”

“నన్ను తిట్టుకుంటన్న బతుకుతది గద. కడుపు చించుకుంటే కాళ్ల మీదనే వడ్తది కిష్టన్నా. ఎవలకు చెప్పుకోవాలె ఇది?”

“నేను అబద్ధం చెప్ప. ఇరవై ఏండ్ల సంది ఈ షెడ్డుల ఒక్క అబద్ధం చెప్పలే. ఇయ్యాల నీ కోసం చెప్పాల్నా?”

“నువ్వు చెప్పకు. నువ్వు నోరే తెర్వకు. నేను చెప్త.”

“అగో.”

“ఏంది?”

“మీ అవ్వ. ఇటే వస్తాంది.”

“తీగ! తీగ కోసెయ్, జల్ది! నాడ ఇటియ్యి. ఆ పాత టైర్ల సందుల వడెయ్. కొస ఉంది, కొస ఉంది సూడు, అది గూడ గుంజు!”

“ఊకో. వచ్చింది.”

“కిష్టన్నా. ఉన్నవా బిడ్డా?”

“దా వెంకటవ్వ పెద్దమ్మా. ఇంత ఎండల నడిసొచ్చినవా? స్టూలు మీద కూసో.”

“కూసోను. సమ్మన్న ఒడ్డుకు పోయిండు. బండి సూసినవా?”

“సూసిన.”

“అవ్వా, పద పోదాం. పొద్దెక్కుతాంది—”

“నిన్ను అడగలే రాయమల్లూ. కిష్టన్నను అడిగిన.”

“ఏమడుగుతవ్ పెద్దమ్మా, అడుగు.”

“ముంగట దండేది?”

“ఏ దండ అవ్వా?”

“నిమ్మకాయల దండ. బండికి ముంగట కట్టిన.”

“అది... దారిల ఊడిపోయింది అవ్వా. బస్టాండు దాటకముందే ఊడి వడ్డది.”

“ఎట్ల ఊడ్తది? తీగతోని కట్టిన గద.”

“కొసలు సరిగ మెలెయ్యలే నువ్వు. జారిపోయింది.”

“మెలేసిన. మూడు మెలికలేసిన. ఏలు తెగింది నాకు, ఇగో.”

“ఊడిపోయింది అంటున్న గదా! నేను సూసిన. దిగి తీసుకుందామంటే బాపుకు ఆయాసం ఎక్కువుండె. ఇడ్సిపెట్టి పోయిన.”

“కిష్టన్నా, నువ్వు చెప్పు బిడ్డా. బండి ఎందుకాగింది?”

“అది పెద్దమ్మా... రేడియేటర్ల...”

“నేను చెప్త. నీళ్లు సూడలే అవ్వా.”

“ఏమంటివి?”

“నీళ్లు సూడలే. రాత్రి తాగింది పొద్దుగాల్ల దాక దిగలే. నీళ్లు సూడకుంట బండి తీసిన. అన్న చెప్పిందే నిజం. ఇన్నొద్దులు నేనే అబద్ధం చెప్పిన.”

“నీళ్లు పోసిన అని ఏడ్సినవ్ గద ఇన్నొద్దులు?”

“భయానికి ఏడ్సిన. సిగ్గుకు ఏడ్సిన.”

“కిష్టన్నా, వీడు చెప్పేది నిజమేనా?”

“అన్ననెందుకు అడుగుతవ్? చేసింది అన్ననా, నేనా? నన్నడుగు!”

“అయితే నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు.”

“నీ మీదెందుకు అవ్వా...”

“పెట్టు. ఇటు రా. చెయ్యి పెట్టి చెప్పు.”

“నీ మీద కాదు. బాపు మీద ఒట్టు. పోయిన బాపు మీద ఒట్టేసి చెప్తున్న. నేను నీళ్లు సూడలే.”

“రాయమల్లూ! బాపు మీదనా...”

“నువ్వూకో కిష్టన్నా! దండం పెడ్త, నువ్వూకో.”

“మీ బాపు మీద ఒట్టేసినవ్ కొడుకా.”

“ఏసిన.”

“అయితే నిజమే అన్నట్టు.”

“నిజమే అవ్వా. తిట్టు. కొట్టు. ఆ సీపురందుకొని కొట్టు. గట్ల నిలవడి సూడకు.”

“దా కొడుకా, నా దగ్గరికి రా. పదొద్దుల సంది నీ మొఖం సూడలేకపోయిన బిడ్డా. నేను కట్టిన తీగనే బండిని ఆపిందేమో, మీ బాపును నేనే సంపుకున్ననేమో, అది నీకు తెలుసేమోనని.”